నోట్‌బుక్‌లో మిగిలిపోయే పేర్లు: పైథాన్ సూచనల జాబితాలో కాలం చెల్లిన నామాల తొలగింపు

1. ప్రవేశిక

పైథాన్ భాషలో ప్రోగ్రాం రాసేటప్పుడు ఒక పేరులోని మొదటి అక్షరాలు టైపు చేసి ట్యాబ్ మీట నొక్కితే, వాటితో మొదలయ్యే పేర్లన్నీ జాబితాగా కనిపిస్తాయి. కావలసినదాన్ని ఎంచుకుంటే పేరు పూర్తవుతుంది. ఈ జాబితా చూడటానికి నిఘంటువులా ఉంటుంది. అయితే నిఘంటువుకు సంపాదకుడుంటాడు. వాడుక తప్పిన పదాన్ని ఉంచాలా, గుర్తు పెట్టాలా, తీసివేయాలా అని నిర్ణయిస్తాడు. ఈ జాబితాకు అటువంటి సంపాదకుడు లేడు. ఆ పని ప్రోగ్రాం రాసేవారే చేసుకోవాలి. భాషాసాహిత్య పరిశోధనలో పదాల లెక్కింపు వంటి పనులకు జూపిటర్ నోట్‌బుక్‌ను ఉపయోగించేవారు దీన్ని విస్మరిస్తే లెక్కలే తప్పుతాయి.

2. పుటలో లేని పేరు జాబితాలో ఎందుకుంటుంది?

2008లో వెలువడిన పైథాన్ 3 నుంచి తెలుగు లిపిలోనూ పేర్లు పెట్టుకునే వీలుంది. ఒక పరిశోధకురాలు శతకపాఠాన్ని ఖాళీల దగ్గర విడగొట్టి, వచ్చిన పట్టికకు ‘పదాలు’ అని పేరు పెట్టిందనుకుందాం. విరామచిహ్నాలు పదాలకు అంటుకొని ఉండటం వల్ల ఒకే పదం రెండుగా లెక్కకు వస్తున్నదని తరువాత గ్రహించింది. గడిలోని కోడ్‌ను సవరించి, చిహ్నాలు తొలగించిన కొత్త పట్టికకు ‘పదావళి’ అని పేరు మార్చింది. ‘పదాలు’ అన్న పేరు ఇక పుటలో ఎక్కడా లేదు.

సాయంత్రం మరో గడిలో ‘పద’ అని కొట్టి ట్యాబ్ నొక్కితే రెండు పేర్లూ కనిపిస్తాయి. పొరపాటున ‘పదాలు’ ఎంచుకుంటే దోషసూచన ఏదీ రాదు. భిన్నపదాల సంఖ్య ఎక్కువగా వస్తుంది. అదే సిద్ధాంతగ్రంథంలోని పట్టికకు ఎక్కుతుంది. పర్యవేక్షకులు ఆ నోట్‌బుక్‌ను మరో కంప్యూటరులో మొదటి నుంచి నడిపినప్పుడు మాత్రమే, ఆ పేరు నిర్వచితం కాలేదన్న దోషం బయటపడుతుంది. ఇక్కడ దోషం రావడమే మేలు. ఎవరూ తిరిగి నడపకపోతే తప్పు సంఖ్య అలాగే ఉండిపోతుంది.

దీనికి కారణం, తెర మీది పుట వేరు, వెనుక కోడ్‌ను నడిపే కెర్నల్ వేరు కావడమే. గడిని చెరిపితే పుటలోని రాత పోతుంది; కెర్నల్ స్మృతిలోని పేరు పోదు. సూచనల జాబితా ప్రధానంగా ఆ స్మృతి నుంచే పేర్లను తెస్తుంది.

3. తొలగించే మార్గాలు

‘డెల్’ అనే ఆదేశం ఒక్క పేరును తొలగిస్తుంది. అది తొలగించేది పేరునే గాని, ఆ పేరు సూచించే వస్తువును కాదని గమనించాలి. శబ్దార్థాల సంబంధం తెలిసినవారికి ఈ భేదం కొత్తది కాదు. ఫలితాల చరిత్రలో ఆ పట్టిక మిగిలి ఉంటే, పేరు పోయినా పట్టిక స్మృతిలో ఉంటుంది. దాన్ని కూడా వదిలించడానికి ‘ఎక్స్‌డెల్’ ప్రయత్నిస్తుంది. ‘రీసెట్’ వాడుకరి సృష్టించిన పేర్లన్నిటినీ తుడిచేస్తుంది. వీటన్నిటికంటె నమ్మదగినది కెర్నల్‌ను పునఃప్రారంభించి గడులన్నిటినీ వరుసగా నడపడం. పెద్ద పాఠసంచయాన్ని మళ్లీ ఎక్కించడానికి చాలాసేపు పడుతుందని దీన్ని వాయిదా వేసేవారే ఎక్కువ.

అటువంటివారిని ఆకర్షించేది ‘రీసెట్_సెలెక్టివ్’. ఇచ్చిన అక్షరక్రమానికి సరిపోలే పేర్లను మాత్రమే ఇది తీసివేస్తుంది. తెలుగు పేర్లతో పనిచేసేవారు ఇక్కడ జాగ్రత్త పడాలి. ఈ ఆదేశం అక్షరక్రమాన్ని పేరులో ఎక్కడున్నా పట్టుకుంటుంది. ‘పద’ అని ఇస్తే ‘పదాలు’తో పాటు ‘పదావళి’ పోతుంది. జానపద గేయాల పట్టికకు ‘జానపదాలు’ అని పేరు పెట్టి ఉంటే అదీ పోతుంది. పేరు మొదటే ఉండాలని ‘^’ గుర్తు చేర్చినా ‘పద్యాలు’ దక్కదు. మన దృష్టిలో ‘ద్య’ ఒకే సంయుక్తాక్షరం. యూనికోడ్‌లో అది ద, పొల్లు, య అనే మూడు సంకేతాల వరుస. కాబట్టి యంత్రానికి ‘పద్యాలు’ కూడా ‘పద’తో మొదలయ్యే పేరే. ‘^పదాలు$’ అని పూర్తి పేరునే రెండు వైపులా బంధించి ఇవ్వడం ఉత్తమం.

సొంత మాడ్యూళ్లలో మరో చిక్కుంది. ఫైలులోంచి ఒక ఫంక్షన్ పేరును తీసివేసి మాడ్యూల్‌ను ‘రీలోడ్’ చేసినా, పాత పేరు చెరగదు. రీలోడ్ పాత పేర్ల పట్టికనే ఉంచి, దాని మీద కొత్త నిర్వచనాలను రాస్తుంది. కొత్త ఫైలులో లేని పేరు జోలికి పోదు.

4. తుడిచివేయరాని పాత పేర్లు

పై పేర్లన్నీ ఒక్కరి స్మృతికి చెందినవి. పదిమందీ వాడే లైబ్రరీలలోని పాత పేర్ల సంగతి వేరు. పాండాస్ లైబ్రరీలో పట్టికకు వరుసలు చేర్చే ‘అపెండ్’ ఇందుకు ఉదాహరణ. పైథాన్ జాబితాల ‘అపెండ్’ ఉన్నచోటనే చేరుస్తుంది. పాండాస్‌లోని ‘అపెండ్’ ప్రతిసారీ మొత్తం పట్టికకు కొత్త ప్రతి తయారుచేసేది. పేరు ఒకటే, ప్రవర్తన వేరు. ఇలా తప్పుదారి పట్టించే పేరు గనుక 2022లో 1.4 వెర్షన్‌లో దాన్ని కాలం చెల్లినదిగా ప్రకటించి, 2023లో 2.0 వెర్షన్‌లో తొలగించారు. నడుమ ఉన్న గడువు పాత నోట్‌బుక్‌లను సవరించుకోవడానికే.

ఆ గడువులో పేరును జాబితాలో ఎలా చూపాలన్నది ప్రశ్న. కోడ్ ఎడిటర్లకు, భాషా విశ్లేషణ సర్వర్లకు నడుమ సంభాషణను నిర్దేశించే లాంగ్వేజ్ సర్వర్ ప్రోటోకాల్ 3.15 వెర్షన్‌లో (2020) సూచనలకు ‘కాలం చెల్లినది’ అన్న ట్యాగు చేరింది. దాన్ని చూసి ఎడిటర్ ఆ పేరు మీద అడ్డగీత గీయవచ్చు. మరొక పద్ధతికి పైథాన్ 3.7 (2018) వీలు కల్పించింది: మాడ్యూల్ తన పేర్ల జాబితాలో పాత పేరును చూపదు, ఎవరైనా ఆ పేరుతో పిలిస్తే మాత్రం హెచ్చరించి, పని చేసిపెడుతుంది. కొత్తగా రాసేవారి కంట ఆ పేరు పడదు, పాత నోట్‌బుక్ ఆగిపోదు.