సీడీ పోయినా పేరు పోలేదు

మా ల్యాబ్‌లో మూల బల్ల మీదున్న పాత కంప్యూటర్‌కి మొన్న విండోస్ ఎక్స్‌పీ మళ్లీ ఎక్కించాం. పనైతే పూర్తయింది గానీ తెర మీద అక్షరాలు లావుగా, ఐకాన్లు మొరటుగా, రంగులు వెలిసిపోయినట్టుగా వచ్చాయి. గ్రాఫిక్స్ కార్డుతో పాటు వచ్చిన సీడీ కోసం బీరువా అంతా వెతికాం, దొరకలేదు. కార్డు మీది స్టిక్కర్ ఎప్పుడో రాలిపోయింది. డివైస్ మేనేజర్‌లో పసుపు ప్రశ్నార్థకం పక్కన ‘వీడియో కంట్రోలర్ (వీజీఏ కంపాటిబుల్)’ అని మాత్రం ఉంది.

పక్కన నిలబడి చూస్తున్న రెండో సంవత్సరం అమ్మాయి అడిగింది: “సార్, డ్రైవర్ లేదంటున్నారు కదా, మరి ఈ బొమ్మ ఎవరు గీస్తున్నారు?”

ఎంత మంచి ప్రశ్న! ఆ గంట పాఠమంతా దాని మీదే నడిచింది.

ఆ బొమ్మ గీస్తున్నది 1987 నాటి ఒప్పందం. ఆ ఏడాది ఐబీఎం తన పీఎస్/2 కంప్యూటర్లతో వీజీఏ అనే పద్ధతి తెచ్చింది. అడ్డంగా 640, నిలువుగా 480 చుక్కలు, ఒక్కో చుక్కకి 16 రంగుల్లో ఒకటి. పదహారే ఎందుకు? 16 రంగులకి చుక్కకి నాలుగు బిట్లు చాలు. ఆ నాలుగింటినీ నాలుగు పొరలుగా విడదీస్తే ఒక్కో పొరకి 38,400 బైట్లు పడతాయి. అప్పటి పీసీలో బొమ్మ కోసం తెరిచిన కిటికీ 65,536 బైట్లు. పొర అందులో హాయిగా ఇమిడిపోతుంది. తర్వాత వచ్చిన కార్డులు ఎంత వేగంగా పరిగెత్తినా, ఈ పాత కొలతల్లో గీయడం మాత్రం మానుకోలేదు. అందుకే విండోస్‌కి కార్డు ఎవరిదో తెలియకపోయినా తెర నల్లగా ఉండిపోలేదు.

“మరి అది ఏ కార్డో ఎలా తెలుస్తుంది సార్? పైన పేరే లేదుగా!”

నాకు ఈ యంత్రంలో అన్నింటికన్నా ఇష్టమైన చోటు ఇదే. ఐఎస్ఏ స్లాట్ల కాలంలో కార్డు పెట్టేవాళ్లు చిన్న చిన్న జంపర్లు మార్చి, ఏ కార్డుకి ఏ చిరునామా, ఏ ఇంటరప్టు అని చేత్తో పంచేవారు. రెండు కార్డులు ఒకే అంకె మీద పడితే రెండూ మొరాయించేవి. 1992లో ఇంటెల్ పీసీఐ తెచ్చి ఆ బాధ తప్పించింది. కానీ అందుకు ముందుగా ఒక చిక్కుముడి విప్పాల్సి వచ్చింది. కార్డుతో మాట్లాడాలంటే దానికో చిరునామా ఉండాలి. చిరునామా ఇవ్వాలంటే ముందు దానితో మాట్లాడాలి. ఎలా?

బడి తెరిచిన మొదటి రోజు టీచరుకి పిల్లల పేర్లు తెలియవు. పేరు పెట్టి పిలవలేరు, కానీ బెంచీ బెంచీకీ వెళ్లి భుజం తట్టి “నీ పేరేంటమ్మా?” అని అడగొచ్చు. పీసీఐలో ఆ భుజం తట్టడానికి ప్రతి స్లాట్‌కీ విడిగా ఒక తీగ ఉంది. దాని పేరు ఐడీసెల్. మిగతా తీగల్లో చాలావరకు అందరివీ, ఇది మాత్రం ఆ స్లాట్‌ది. అది తట్టినప్పుడు కార్డుకి చిరునామా లేకపోయినా, తననే అడుగుతున్నారని తెలుస్తుంది. వెంటనే తనలోని 256 బైట్ల చిన్న పలక చూపిస్తుంది. అందులో మొదటి రెండు బైట్లు తయారీదారు సంఖ్య, తర్వాతి రెండు ఆ చిప్ సంఖ్య. స్లాట్ ఖాళీగా ఉంటే జవాబు రాదు. అప్పుడు చదివిన చోట అన్నీ ఒకట్లే కనిపిస్తాయి, అంటే హెక్సాడెసిమల్‌లో ఎఫ్ఎఫ్ఎఫ్ఎఫ్. అందుకే ఆ సంఖ్యని ఏ కంపెనీకీ ఇవ్వలేదు. గైర్హాజరుకి కూడా పట్టీలో ఒక గుర్తు ఉంచారన్నమాట.

ఆ సంఖ్యల్లో చిన్న చిన్న మురిపాలున్నాయి. ఇంటెల్ సంఖ్య 8086, వాళ్ల ప్రఖ్యాత చిప్ పేరే. త్రీడీల్యాబ్స్‌ది 3డీ3డీ. ఎస్3 కంపెనీది 5333. హెక్సాడెసిమల్‌లో ‘ఎస్’ అక్షరానికి ఆస్కీ కోడు 53, ‘3’ అంకెకి 33. పక్కపక్కన పెట్టి చూడండి!

పేరు తెలిశాక కార్డుకి ఎంత జాగా కావాలో తెలియాలి. దీనికి వేసిన ఎత్తు నేను ఎన్నిసార్లు చెప్పినా విసుగు రాదు. కార్డులో 32 బిట్ల చిరునామా గడి ఉంటుంది. కంప్యూటర్ అందులో అన్నీ ఒకట్లు రాసి, తిరిగి చదువుతుంది. 32 స్విచ్‌లున్న బోర్డు అనుకోండి. అన్నీ ఒక్కసారిగా వేస్తాం, కొన్ని కదలవు, ఎందుకంటే తయారుచేసినప్పుడే వాటిని బిగించేశారు. ఆ కదలని వాటిని లెక్కపెడితే చాలు. కింది నాలుగు బిట్లు వేరే కబురు చెప్పడానికి వాడతారు గనుక వాటినీ సున్నాలుగానే లెక్కేస్తారు. అలా కింది నుంచి 24 సున్నాలు వచ్చాయంటే 2ని 24 సార్లు హెచ్చవేసినంత, అంటే 16 మెగాబైట్ల జాగా అడుగుతోందన్నమాట. జాగా ఎంతో విడిగా రాసిపెట్టనక్కర్లేదు. చిరునామా నింపే గడే కొలపాత్ర అయింది.

మాది ఇదే పద్ధతి వాడే ఏజీపీ స్లాట్, ఇప్పటివి పీసీఐ ఎక్స్‌ప్రెస్. ఎక్స్‌ప్రెస్‌లో భుజం తట్టే తీగ పోయి ప్యాకెట్లు వచ్చాయి, 256 బైట్ల పలక 4,096 అయింది. మొదటి నాలుగు బైట్లు మాత్రం అదే చోట, అదే అర్థంతో ఉన్నాయి.

ఆ అమ్మాయినే మౌస్ పట్టుకోమన్నాను. ప్రశ్నార్థకం మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్, డీటెయిల్స్, హార్డ్‌వేర్ ఐడీస్. ‘వెన్’ అన్న చోట 10డీఈ, ‘డెవ్’ అన్న చోట 0171. మొదటిది ఎన్విడియా, రెండోది జీఫోర్స్4 ఎంఎక్స్ 440. స్టిక్కర్ చెప్పలేనిది సిలికాన్ చెప్పింది.

ఆ సీడీలో ఉన్నది మాత్రం ఏమిటి? డ్రైవర్ ప్రోగ్రాం, దానితో పాటు ‘ఐఎన్ఎఫ్’ అనే మామూలు అక్షరాల ఫైలు. నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే ఏ సంఖ్యకి ఏ ఫైలో వరుసగా కనిపిస్తుంది. ఎన్విడియా ఒకే ప్యాకేజీలో ఎన్నో తరాల కార్డులని ఈ జాబితాలో చేర్చేది. కాబట్టి ఆ పెట్టెలో వచ్చిన సీడీయే కావాలని లేదు. ఇంకో కంప్యూటర్‌లో కంపెనీ సైటు నుంచి ఎక్స్‌పీకి సరిపడే డ్రైవర్ దించి, విప్పి, ఐఎన్ఎఫ్‌లో 0171 ఉందో లేదో వెతికాం. ఉంది. పెన్‌డ్రైవ్‌లో వేసి, ‘హ్యావ్ డిస్క్’ నొక్కి, ఆ ఫోల్డర్ చూపించాం. ల్యాప్‌టాప్ అయితే ‘సబ్‌సిస్’ అన్న సంఖ్య కూడా చూడాలి. చిప్ ఒకరిది, దాన్ని బిగించిన బోర్డు ఇంకొకరిది. అలాంటప్పుడు ల్యాప్‌టాప్ కంపెనీ ఇచ్చిన డ్రైవరే నమ్మకం.

డ్రైవర్ రాసేవాళ్లే లేకపోతే? 1996లో త్రీడీఎఫ్ఎక్స్ తెచ్చిన ఊడూ కార్డుకి మామూలు బొమ్మ గీయడమే రాదు. దానికి ఇంకో కార్డు పక్కన ఉండాలి, ఇది త్రీడీ మాత్రమే చూసుకునేది. గ్లైడ్ అనే సొంత భాషతో ఆటల ప్రపంచాన్ని ఏలింది. మరుసటి ఏడాది ఎన్విడియా రీవా 128తో రెండు పనులూ ఒకే కార్డులో పెట్టింది. 2000 డిసెంబరులో త్రీడీఎఫ్ఎక్స్ తన ఆస్తులు ఆ ఎన్విడియాకే అమ్ముకుంటున్నట్టు ప్రకటించింది. మరుసటి ఏడాది ఎక్స్‌పీ వచ్చేసరికి త్రీడీఎఫ్ఎక్స్ తరఫున డ్రైవర్ రాసే చేతులు లేవు. పాత డ్రైవర్లని దిద్దుకుని అభిమానులే ఆ కార్డులని నడుపుకున్నారు.

లినక్స్‌లో నూవో బృందం ఇంకా ముందుకెళ్లింది. ఫ్రెంచిలో ఆ మాటకి కొత్త అని అర్థం. ఎన్విడియా డ్రైవర్ పనిచేస్తుంటే కార్డు రిజిస్టర్లలో ఏ అంకె మారుతోందో ముందూ వెనకా పోల్చి, కంపెనీ చెప్పని భాషని అంకె అంకెగా నేర్చుకున్నారు. 2010 ఫిబ్రవరిలో వెలువడిన లినక్స్ 2.6.33లో ఆ డ్రైవర్ చేరింది. మా 0171 కూడా వాళ్ల జాబితాలో ఉంది.

మీ ఇంట్లో పాత కంప్యూటర్ ఉంటే, విండోస్ మళ్లీ ఎక్కించే ముందు ఆ రెండు సంఖ్యలూ చూసి చిన్న కాగితం మీద రాయండి. దాన్ని క్యాబినెట్ తలుపు లోపలి వైపు అంటించండి.