పవర్ అయిపోతుంది, సైన్ తిరుగుతూనే ఉంటుంది

మా నాగిరెడ్డిపేటలో ఇంటర్ సెకండియర్ తమ్ముళ్ళు మ్యాథ్స్ 2బి పుస్తకం పట్టుకొస్తే ఎక్కువగా అడిగేది ఒకటే. "అన్నా, ఎక్స్² సైన్ ఎక్స్ ఇస్తే ఐలేట్ ప్రకారం ఎక్స్²ని ముందు తీసుకోవాలి, అది తెలుసు. కానీ ఎందుకు?" మంచి ప్రశ్న. ఐలేట్ బట్టీ పడితే మార్కులొస్తాయి గానీ దీనికి జవాబు రాదు.

ఇంటిగ్రేషన్ బై పార్ట్స్ అంటే ప్రొడక్ట్ రూల్‌ని తిరగేసి రాయడమే. ఉన్న ఇంటిగ్రల్ కష్టంగా ఉంటే దాని బదులు ఇంకో ఇంటిగ్రల్ చేస్తాం. కొత్తది పాతదానికంటే తేలిక కావాలి, లేకపోతే శ్రమ దండగ.

ఎక్స్²ని డిఫరెన్షియేట్ చేస్తూ పొండి: 2ఎక్స్, 2, 0. మూడు అడుగుల్లో ఖతం. సైన్‌ని ఇంటిగ్రేట్ చేస్తూ పొండి: −కాస్, −సైన్, కాస్, మళ్ళీ సైన్. ఎంత తిప్పినా అది పెరగదు, ముదరదు. ఒకటి అరిగిపోతుంది, ఇంకోటి అలాగే ఉంటుంది కాబట్టే ఈ పద్ధతి పనిచేస్తుంది. ప్లస్, మైనస్, ప్లస్ గుర్తులు మార్చి జత చేస్తే:

−ఎక్స్² కాస్ ఎక్స్ + 2ఎక్స్ సైన్ ఎక్స్ + 2 కాస్ ఎక్స్ + సి

ఎక్స్²నే ఇంటిగ్రేట్ చేస్తే ఎక్స్³/3 వచ్చి బరువు పెరుగుతుంది. సైన్ ఎక్స్‌ని ఎక్స్‌తో భాగించిన ఫంక్షన్ ఇంకా మొండిది. 1/ఎక్స్‌ని ఎన్నిసార్లు డిఫరెన్షియేట్ చేసినా సున్నా రాదు. మనకు తెలిసిన మామూలు ఫంక్షన్లతో దాని ఇంటిగ్రల్ రాయలేం కూడా.

మన సీఎస్ఈ వాళ్ళకి ఇది రికర్షన్, సున్నా దగ్గర బేస్ కేస్. అయితే కోడ్ రాసేటప్పుడు ఒక ఉచ్చు ఉంది. 0 నుంచి 1 వరకు ఎక్స్ పవర్ ఎన్ ఇంటూ సైన్ ఎక్స్ ఇంటిగ్రల్‌ని ఐ(ఎన్) అనుకుందాం. రెండుసార్లు బై పార్ట్స్ చేస్తే:

ఐ(ఎన్) = ఎన్ సైన్ 1 − కాస్ 1 − ఎన్(ఎన్−1) ఐ(ఎన్−2)

ఐ(0) = 1 − కాస్ 1, అంటే సుమారు 0.4597. ఐ(2) సుమారు 0.2232. ఇంతవరకు బాగుంది. ఇలాగే ఐ(20) దాకా లూప్ నడిపి చూడండి. అసలు విలువ 0కీ 1/21కీ మధ్య ఉండాలి, కానీ లూప్ ఇచ్చే జవాబుకి దానితో పొంతనే ఉండదు. సూత్రంలో తప్పేం లేదు. డబుల్‌లో దాదాపు 16 అంకెలే నిలుస్తాయి కాబట్టి ఐ(0)లోనే చిన్న తేడా ఉంటుంది. ప్రతి అడుగులో దాన్ని ఎన్(ఎన్−1) గుణిస్తుంది. 20 దగ్గరికొచ్చేసరికి ఆ తేడా 20 ఫ్యాక్టోరియల్ రెట్లు, అంటే 2.4 × 10¹⁸ రెట్లు పెరుగుతుంది. పేపర్ మీద కాస్ 1 అని రాసుకుంటాం కాబట్టి ఇది కనబడదు.

మందు కూడా ఆ సూత్రంలోనే ఉంది. దాన్ని తిరగేసి ఐ(ఎన్) నుంచి ఐ(ఎన్−2)కి దిగండి. ఇప్పుడు ఎన్(ఎన్−1) గుణించదు, భాగిస్తుంది. ఐ(40)ని సున్నా అనుకుని మొదలుపెట్టండి. అది తప్పే, కానీ 20కి దిగేసరికి ఆ తప్పు 16వ అంకెలో కూడా కనబడదు.