సిజేరియన్ కాన్పు: తల్లి, కుటుంబం ముందుగా సిద్ధపడటం

ఇంతకుముందు భాగంలో సిజేరియన్ ఎందుకు చేయవలసి వస్తుందో తెలుసుకున్నాం. బిడ్డ అడ్డంగా ఉండటం, మాయ గర్భాశయ ముఖద్వారాన్ని కప్పి ఉండటం, గతంలో జరిగిన ఆపరేషన్లు వంటి కారణాలతో కొందరికి ముందే తేదీ నిర్ణయిస్తారు. అలాంటప్పుడు తల్లికి, కుటుంబానికి సిద్ధపడే వ్యవధి దొరుకుతుంది. ఆ వ్యవధిని ఎలా వాడుకోవచ్చో ఇప్పుడు పరిశీలిద్దాం.

ఒక ఉదాహరణ ఊహించుకోండి. ధర్మవరంలో పట్టుచీరలు నేసే ఇంటి కోడలు తొలి కాన్పుకు పెనుకొండ దగ్గరి పుట్టింటికి వచ్చింది. ఏడో నెల దాకా పరీక్షలన్నీ ధర్మవరంలోనే జరిగాయి. తరువాత బిడ్డ ఎదురుకాళ్లతో ఉందని స్కానింగ్‌లో తేలింది. ఆపరేషన్ హిందూపురంలో అని నిర్ణయమైంది. అంటే, ఆపరేషన్ చేయబోయే డాక్టరు ఆమెను ఒకటి రెండుసార్లే చూసి ఉంటారు. పుట్టింటి కాన్పు ఆచారమున్న మన ప్రాంతంలో ఇది మామూలే. అందుకే తల్లీబిడ్డల రక్షణ కార్డు, స్కానింగ్ రిపోర్టులు, రక్తవర్గం చీటీ అన్నీ ఒకే సంచిలో ఉండాలి.

ఇది కొద్దిమందికి సంబంధించిన విషయం కాదు. 2019–21లో జరిగిన అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్ కాన్పుల్లో 42.4 శాతం సిజేరియన్లే. దేశ సగటు 21.5 శాతం. రాష్ట్రంలోని ప్రైవేటు ఆసుపత్రుల్లో ఇది 63 శాతం. ఇన్ని ఆపరేషన్లు అవసరమా అన్నది న్యాయమైన ప్రశ్నే. కాబట్టి ‘నాకు ఎందుకు చేస్తున్నారు?’ అని అడగడం తల్లి హక్కు. అయితే కారణం సరైనదైనప్పుడు, ఆపరేషన్ అయిందని ఆమెను తక్కువ చేసి మాట్లాడటం అన్యాయం.

ఆపరేషన్ గదిలో ఏం జరుగుతుంది?

సాధారణంగా వెన్నులో మత్తు ఇంజక్షన్ ఇస్తారు. నడుము కింది భాగం మొద్దుబారుతుంది గాని తల్లి మెలకువగానే ఉంటుంది. నొప్పి తెలియదు, లాగుతున్నట్టు, నొక్కుతున్నట్టు మాత్రం తెలుస్తుంది. బీపీ తగ్గి వికారం కలగవచ్చు. ఒళ్లు వణకవచ్చు. ఈ మాట ముందే చెప్పకపోతే, ఆ వణుకు చూసి తనకేదో అయిపోతోందని ఆమె హడలిపోతుంది. భయంలో ఎక్కువ భాగం తెలియకపోవడం వల్ల వచ్చేదే.

లండన్‌లోని క్వీన్ షార్లెట్స్ ఆసుపత్రి వైద్య బృందం ఈ విషయంపై శ్రద్ధ పెట్టింది. ఫిస్క్, స్మిత్, ప్లాట్ అనే ముగ్గురు 2008లో ఒక వైద్య పత్రికలో తమ పద్ధతిని వివరించారు. బిడ్డ బయటికి వచ్చే సమయంలో అడ్డుతెరను దించుతారు. బిడ్డను నెమ్మదిగా తీస్తారు. తల్లి చూస్తుండగానే ఆమె ఎదమీద పడుకోబెడతారు. ఇందుకోసం ఈసీజీ తీగలను ఛాతీకి అడ్డం రాకుండా అంటిస్తారు. బిడ్డను పట్టుకోవడానికి వీలుగా సెలైన్ సూదిని వాటం కాని చేతికి పెడతారు. ఖరీదైన యంత్రాలేవీ అక్కర్లేదు. కావలసింది సిబ్బంది ముందుగా అనుకోవడమే.

మన ఆసుపత్రుల్లో ఇవన్నీ సాధ్యమా? అన్నీ కాకపోవచ్చు. తెర దించడానికి ఒప్పుకోని చోట కూడా ‘మేడమ్, బిడ్డ బాగుంటే నా ఎదమీద పెడతారా? లేకపోతే ఒకసారి చెంపకు ఆనిస్తారా?’ అని అడగవచ్చు. ఏసీ గదిలో బిడ్డ త్వరగా చల్లబడుతుంది. కాబట్టి ఒళ్లు తుడిచి, టోపీ పెట్టి, తల్లి ఒంటికి ఆనించి పైన వెచ్చని బట్ట కప్పాలి. తల్లికి కుట్లు వేస్తున్నంతసేపు బయట తండ్రి చొక్కా విప్పి బిడ్డను ఎదకు హత్తుకుని కూర్చోవచ్చు. అమ్మమ్మ నవ్వినా ఫరవాలేదు!

తోడుగా ఎవరు?

ప్రభుత్వ ఆసుపత్రుల్లో కాన్పు సమయంలో తల్లికి తోడుగా ఒక స్త్రీ ఉండటానికి కేంద్ర ఆరోగ్య మంత్రిత్వ శాఖ 2016 ఫిబ్రవరిలో అనుమతించింది. 2017 డిసెంబరులో మొదలైన ‘లక్ష్య’ కార్యక్రమం కాన్పు గదితోపాటు ప్రసూతి ఆపరేషన్ థియేటరులోనూ తల్లిని గౌరవంగా చూడాలంటుంది. అయినా థియేటరులోకి తోడును రానిచ్చేదీ లేనిదీ డాక్టరు, మత్తు డాక్టరు నిర్ణయిస్తారు. రానివ్వకపోతే, తలవైపు నిలబడి జరిగేది చెబుతూ ఉండమని ఒక నర్సును కోరవచ్చు. హిందూపురం వైపు కన్నడం, ఉర్దూ మాట్లాడే కుటుంబాలూ చాలా ఉన్నాయి. తల్లికి అర్థమయ్యే భాషలో రెండు మాటలు చెప్పేవారు ఉండటం పెద్ద ధైర్యం.

కోరికలన్నీ ఒక పేజీలో రాసి డాక్టరుకు ముందుగానే చూపించాలి. బిడ్డకు ఆయాసం వచ్చినా, రక్తస్రావం ఎక్కువైనా, పూర్తి మత్తు ఇవ్వవలసి వచ్చినా ఈ కోరికలు పక్కకు జరుగుతాయి. ఆ సంగతి కూడా అదే కాగితంలో రాసుకుంటే తరువాత బాధ తగ్గుతుంది.

ముహూర్తం మాట

తేదీ మన చేతిలో ఉందనగానే పంచాంగం బయటికి వస్తుంది. తొందరపెట్టే కారణం లేనప్పుడు 39 వారాలు నిండకముందు ఆపరేషన్ చేయకూడదు. ముందుగా తీసిన బిడ్డల్లో శ్వాస ఇబ్బందులు ఎక్కువ. పెద్దలను నొప్పించకుండా చెప్పాలంటే, ‘39 వారాలు నిండాక డాక్టరు ఇచ్చిన రోజుల్లో మంచి రోజు చూడండి, నాన్నా’ అనవచ్చు. మంచి గడియ కోసం బిడ్డను ఇంక్యుబేటరులో పెట్టుకోవడం ఎవరికీ ఇష్టం ఉండదు.

ఆ తరువాత

మొదటి గంటలోనే ముర్రుపాలు పట్టించే ప్రయత్నం చేయాలి. తేనె, చక్కెర నీళ్లు నాకించకూడదు. కుట్లమీద బరువు పడకుండా పక్కకు తిరిగి పడుకుని, లేదా బిడ్డను చంక కింద పట్టుకుని పాలివ్వవచ్చు. నొప్పి మాత్ర వేసుకుంటే పాలు పాడవుతాయని ఓర్చుకునేవారు ఉన్నారు. డాక్టరు రాసిన మాత్రలతో ఆ భయం అక్కర్లేదు. బాలింతకు నీళ్లు తగ్గించే పథ్యం మంచిది కాదు. 2011లో మొదలైన జననీ శిశు సురక్షా కార్యక్రమం కింద ప్రభుత్వ ఆసుపత్రిలో సిజేరియన్, మందులు, అవసరమైతే రక్తం ఉచితం. ఏడు రోజుల దాకా భోజనం కూడా ఉచితమే.

ఇంటికి వెళ్లేముందు డిశ్చార్జి కాగితంలో గర్భాశయం మీద కోత ఎలా పెట్టారో రాయించుకోవాలి. మరుసటి కాన్పు మామూలుగా కావచ్చా అన్నది తేల్చడానికి అప్పటి డాక్టరు మొదట అడిగేది దాన్నే.

అభ్యాసం: మీకు దగ్గరలోని ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లి, సిజేరియన్ సమయంలో తోడును అనుమతిస్తారా, బిడ్డను తల్లికి ఎప్పుడు ఇస్తారు అన్నది నర్సును అడిగి అర పేజీలో రాయండి.