బీరువాలో ల్యాప్‌టాప్... పక్కనే పెళ్లి సీడీ!

నూజివీడుకు ల్యాప్‌టాప్ కొత్త చుట్టమేం కాదు. 2008లో ఇక్కడ ట్రిపుల్ ఐటీ మొదలైనప్పుడు పదో తరగతి పాసై వచ్చిన పల్లె పిల్లల చేతికి తలా ఒకటి ఇచ్చారు. ఆ కాలం నాటిది మీ బీరువాలోనూ ఉందా? పక్కనే అక్క పెళ్లి సీడీలూ ఉన్నాయా? అయితే రెండింటినీ ఇవాళే బయటికి తీయండి. ఇంట్లో రాయించుకున్న సీడీల్లో బొమ్మ నిలిచేది ఓ రంగు పొరలో. ఎండకీ వేడికీ అది వెలిసిపోతుంది. అక్షింతలు వేస్తూ నవ్వుతున్న తాతయ్య బహుశా అందులోనే ఉండుంటారు.

ముందు నెట్ సంగతి. కాపీ చేశాక ఆ వీడియోని దూరాన ఉన్న అక్కకు పంపాలి కదా!

వైఫై రాకపోతే వెంటనే ల్యాప్‌టాప్‌ని తిట్టకండి. అదే చోట సెల్‌ఫోన్ పెట్టి చూడండి. దానికీ రాకపోతే తప్పు రౌటర్‌దో, బయటి తీగదో. ఫోన్‌కి వస్తోందా? అప్పుడు ల్యాప్‌టాప్ అంచులన్నీ తడమండి. చాలా పాత మోడళ్లకు వైర్‌లెస్ కోసం చిన్న మీట ఉంటుంది. సంచిలో పెట్టినప్పుడు అది జరిగిపోతుంది. మెకానిక్ దగ్గరికి మోసుకెళ్లి, ఆ మీట జరిపించుకుని వచ్చినవాళ్లున్నారు. నేనూ అందులో ఒకణ్ని.

రౌటర్ కొత్తదైతే ఇంకో పేచీ. 5 గిగాహెర్ట్జ్ సిగ్నల్ చాలా పాత ల్యాప్‌టాప్‌ల కంటికి ఆనదు. రౌటర్‌లో 2.4 కూడా ఆన్ చేయాలి. కనెక్ట్ అయినట్టే ఉండి సైట్లు తెరుచుకోకపోతే తేదీ చూడండి. లోపలి బిళ్ల బ్యాటరీ అయిపోతే అది ఏళ్ల వెనక్కి పోతుంది, సైట్లు నమ్మవు. తేదీ సరిచేసి మళ్లీ ప్రయత్నించండి. పాత విండోస్ అయితే బ్యాంకు పనులు మాత్రం అందులో వద్దు.

తోటలో ఇల్లున్నవాళ్లకు మరో తంటా. ఆకుల్లో ఉండే నీరు వైఫై తరంగాలను పీల్చేస్తుంది. గుబురు మామిడి అడ్డముంటే షెడ్డు దాకా సిగ్నల్ రాదు, వాన పడ్డాక మరీనూ. రౌటర్‌ని చెట్టు లేని వైపు కాస్త ఎత్తులో పెట్టండి. కొమ్మ కొట్టేయమని మాత్రం చెప్పను. కాపుకొచ్చిన బంగినపల్లి కంటే నెట్ ఎక్కువా?

ఇక డిస్కు. సీడీ ఆడుతూ డీవీడీ మొరాయిస్తోందా? సీడీకి 780, డీవీడీకి 650 నానోమీటర్ల లేజర్ కావాలి. రెండింటిలో ఒకటి అలిసిపోయి ఉండొచ్చు. డిస్కులో ఫైళ్లు కనిపిస్తున్నా బొమ్మ రావడం లేదంటే చిక్కు సాఫ్ట్‌వేర్‌లో. 2012లో వచ్చిన విండోస్ 8 నుంచీ డీవీడీ ఆడించే సౌకర్యం మామూలుగా ఇవ్వడం మానేశారు. ఉచితంగా దొరికే వీఎల్‌సీ ప్లేయర్ వేసుకుంటే సరి. పెళ్లిది వీసీడీ అయితే ఎంపెగ్‌ఏవీ అనే ఫోల్డర్‌లో డాట్ ఫైలు ఉంటుంది. వీఎల్‌సీ దాన్నీ ఆడిస్తుంది.

మధ్యలో ఆగిపోతోందా? మెత్తటి గుడ్డతో నడిమి నుంచి అంచుకు తుడవండి. గుండ్రంగా వద్దు. రికార్డింగ్ వరస గుండ్రంగానే తిరుగుతుంది కాబట్టి దాని వెంట గీత పడితే నష్టం ఎక్కువ. సీడీకి అసలు సున్నితమైన వైపు మనం పేరు రాసేదే. వెండి పొర దాని కిందే ఉంటుంది, అటు గీరుకుంటే ఇక బాగుపడదు.

తుడిచినా రాకపోతే పక్కింటి కంప్యూటర్‌లో పెట్టి చూడండి. ఒక డ్రైవ్ చదవనిది ఇంకొకటి చదవడం మామూలే. ఆడిన మరుక్షణం ఆ ఫైలు పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించేయండి, సినిమా తర్వాత చూసుకోవచ్చు. డిస్కులు చాలా ఉంటే తాతయ్య ఉన్నదానితో మొదలుపెట్టండి.