తొలి గాత్ర పరీక్ష: శ్రుతి, లయ, అక్షరశుద్ధి

కర్ణాటక సంగీతంలో ప్రాథమిక గాత్ర పరీక్షకు వెళ్ళబోయే పిల్లలను, సాహిత్యోచ్చారణ సరిచూడవలసిందని తల్లిదండ్రులు నా వద్దకు తీసుకొని వస్తుంటారు. నేను గాయకుడను కాను, శాస్త్రం చదువుకొన్నవాడను. అయినా గురువు పలికినదాన్ని విని తిరిగి పలకడమనే పద్ధతి మా సంతకూ, వారి సంగీత పాఠానికీ సమానమే గనుక కొన్ని మాటలు భక్తులకు మనవి చేస్తున్నాను.

పాణినీయ శిక్షలో పాఠకునికి ఆరు గుణాలు చెప్పబడ్డాయి. మాధుర్యం, అక్షరవ్యక్తి, పదచ్ఛేదం, సుస్వరం, ధైర్యం, లయసామర్థ్యం అన్నవి అవి. దోషాలూ ఆరే. పాటగా చదవడం వాటిలో ఒకటి. అది గాయకునికి వర్తించదనుకోండి! తొందర, తల ఊపడం, వ్రాతప్రతిని చూచి చదవడం, అర్థమెరుగకపోవడం, గొంతు పెగలకపోవడం అనే తక్కిన అయిదూ పరీక్ష గదిలో కనిపించేవే.

సరళీ వరుసలు, జంట వరుసలు పదిహేనవ మేళకర్త అయిన మాయామాళవగౌళలో నేర్పే సంప్రదాయాన్ని పురందరదాసులవారు నెలకొల్పారని పెద్దలు చెబుతారు. ఈ రాగంలో షడ్జమం నుండి మధ్యమం వరకు స్వరాల నడుమ ఎంతెంత దూరమో, పంచమం నుండి తారషడ్జమం వరకు అంతంత దూరమే. సగం కుదిరితే తక్కిన సగానికి అదే అచ్చు. పిల్లవాని రిషభం స్థిరంగా లేకుంటే ధైవతమూ అలాగే ఉంటుంది. రెంటినీ కలిపి సరిచేయించాలి.

అలంకారాల వద్ద చిక్కు ఎక్కువ. చతురశ్రజాతి ధ్రువతాళానికి పద్నాలుగు అక్షరాలు, ఖండజాతి అటతాళానికీ పద్నాలుగే. మొదటిది నాలుగు, రెండు, నాలుగు, నాలుగుగా నడుస్తుంది. రెండవది అయిదు, అయిదు, రెండు, రెండుగా. మొత్తం మాత్రమే లెక్కపెట్టుకొన్న పిల్లలు అంగాలు తప్పుతారు. రెండవ కాలంలో అక్షరానికి రెండు స్వరాలు, మూడవ కాలంలో నాలుగు. వేగం గొంతుదే, చేతిది కాదు. స్వరాలతో పాటు చెయ్యి పరుగెత్తిందంటే ఆ పిల్లకు ఇంకా కాలం పట్టుబడలేదన్నమాట. ఇంట్లో సంగీతం రానివారు సైతం పక్కన కూర్చొని ఆ చేతిని గమనించవచ్చు.

మలహరిలోని పిళ్ళారి గీతాలు పురందరదాసులవి, కన్నడ భాషలోనివి. అందులో 'లకుమి' అన్న మాటను మన ఇళ్ళలో పెద్దలు 'లక్ష్మి' అని దిద్దుతుంటారు. దయచేసి దిద్దకండి. అది కన్నడంలో సాధురూపమే; పైగా మూడక్షరాలకు కూర్చిన స్వరాలలో రెండక్షరాలు ఇమడవు. మలహరిలో నిషాదం లేదు, గాంధారం అవరోహణలో మాత్రమే వస్తుంది. ఈ సంగతి పరీక్షకులు అడుగుతారు. వల్లెవేయించక, పాడించి చూపించండి.

ఇక ముఖ్యమైనది శ్రుతి. పక్కింటి పిల్ల ఎక్కువ శ్రుతిలో పాడుతున్నదని మన పిల్లను అక్కడికి ఎక్కించడం గొంతుకు హింస. ఆ తొలి గీతమే తారస్థాయి రిషభాన్ని తాకుతుంది. మెడ నరాలు బిగియకుండా అది పలికే శ్రుతియే ఆ బిడ్డకు తగినది. మగపిల్లలకు పన్నెండు, పదమూడేండ్ల ప్రాయంలో గొంతు మారనారంభిస్తే మందలించకండి. ఆ ఏడు పరీక్షకు పంపకపోయినా నష్టం లేదు. గురువుగారిని అడిగి శ్రుతి దించి, అందినంత మేర స్వరాలను విలంబంలో పాడించండి.