నల్లని జతకు ఎర్రని పిల్ల

గోదావరిఖనిలో ఒక గని ఉద్యోగి ఇంటిలో రెండు గినీ పందులను పెంచుతున్నారనుకొందాము. రెండూ నల్లనివి. రెండింటి వెంట్రుకలూ నున్నగా ఒంటికి అంటుకొని ఉన్నవి. రెండూ ఆడవేనని అమ్మినవాడు చెప్పినాడు. ఇంటికి తెచ్చిన నలభై రోజులకు ఒకనాటి ఉదయం బోనులో మూడు పిల్లలు పరుగులు తీస్తూ కనిపించినవి. రెండు నల్లవి, ఒకటి ఎర్రది. ఇంటివారికి రెండు సందేహాలు కలిగినవి. తండ్రి ఏది? ఎరుపు ఎక్కడినుండి వచ్చినది?

మొదటి సందేహానికి కొంత జవాబు కేలండరులోనే దొరుకుతుంది. గినీ పంది 59 మొదలు 72 రోజుల వరకు చూలు మోస్తుంది. (ఎలుకకు మూడు వారాలు చాలును.) అంత కాలం కడుపులో పెరగటంవలననే దాని పిల్లలు తెరచిన కళ్లతో, ఒంటినిండా వెంట్రుకలతో, పళ్లతో పుట్టి, ఒకటి రెండు రోజులలోనే మేత కొరుకుతవి. నలభై రోజులకే ఈనినదంటే, ఆ ఆడది అంగడిలో ఉన్నప్పుడే చూలు కట్టినదన్నమాట. దాని తోడుది నిజానికి మగదే అయినా, అక్కడ కూడ రెండూ ఒకే బోనులో ఉన్నప్పుడే దానిని తండ్రిగా అనుమానించవలె. మూడు నెలల తరువాత ఈని ఉంటే మాత్రం అంగడివానిని అడిగి ప్రయోజనం లేదు. తోడుదానినే మళ్లీ పరీక్షించి చూడవలె. లేత వయస్సులో ఆడ మగ గుర్తించటంలో పొరపాటు సులభంగా జరుగుతుంది.

ఇక రంగు సంగతి. గినీ పందిలో నలుపునిచ్చే జన్యువు బహిర్గతం; దాని జోడు, ఎరుపునిచ్చేది, అంతర్గతం. తల్లినుండి ఒకటి, తండ్రినుండి ఒకటి చొప్పున ప్రతి పిల్లకు రెండు వస్తవి. ఒకటి నలుపుది, ఒకటి ఎరుపుది అయిన జంతువు చూపులకు నల్లగానే ఉంటుంది. అటువంటి రెండు నల్లవాటికి పుట్టే పిల్ల ఎర్రది అయ్యే అవకాశం నాలుగింట ఒకటి. మెండెల్ బఠాణీలలో చూసిన లెక్కయే ఇది. అయితే నాలుగింట ఒకటి అంటే నాలుగు పిల్లలలో ఒకటి తప్పక ఎర్రది కావలెనని కాదు. మూడు పిల్లల ఈతలో అన్నీ నల్లవే అయ్యే అవకాశం నాలుగింట మూడును మూడుసార్లు గుణించగా వచ్చిన 64లో 27. ఒకటైనా ఎర్రది ఉండే అవకాశం తక్కిన 37. అనగా సగానికి మించినదే! తరగతిలో రెండు నాణేలను కలిపి ఎగురవేసి, రెండూ బొమ్మ పడితే ఎర్రపిల్ల అని గుర్తు పెట్టుకొంటూ పోతే విద్యార్థులు ఈ లెక్కను తామే చూడగలరు.

కాబట్టి ఎర్రపిల్లను చూసి తండ్రి ఎర్రదేనని తీర్మానించరాదు. తల్లి లోలోపల ఎరుపును మోస్తున్నదని మాత్రం అది రుజువు చేసినది. తండ్రి ఎర్రది కావచ్చును, ఎరుపును దాచుకొన్న నల్లది కావచ్చును. అదే పిల్ల ఒంటిమీద వెంట్రుకలు సుడులు తిరిగి ఉంటే కథ వేరు. సుడుల గుణం బహిర్గతమని అమెరికాలో విలియం కాసిల్ 1905లో ప్రచురించిన ప్రయోగాలు చూపినవి. బహిర్గత గుణం సాధారణంగా తరం దాటి దాగదు. నున్నని జతకు పూర్తి సుడుల పిల్ల పుడితే, బయటి మగదానిని అనుమానించటానికి బలమైన ఆధారం దొరికినట్లే.

చూలుతో ఉన్నప్పుడు తల్లి చూసినదో తిన్నదో పిల్ల రంగును మారుస్తుందనే నమ్మకం మనుషుల విషయంలో కూడ ఉన్నది. గ్రహణం మొర్రి అనే మాట అటువంటి ఆలోచననుండి పుట్టినదే. కాసిల్, ఫిలిప్స్ 1909లో ప్రకటించిన ప్రయోగం ఈ ప్రశ్నను సూటిగా అడిగినది. ఒక తెల్లని ఆడ గినీ పంది అండాశయాలను తీసివేసి, నల్లనిదాని అండాశయాలను అమర్చి, తెల్లని మగదానితో జత కట్టించినారు. పెరిగినది తెల్లదాని గర్భంలో, తండ్రి తెల్లది. పుట్టిన ఆరు పిల్లలూ నల్లనివే!

మచ్చలు మాత్రం ఇంత విధేయంగా నడవవు. తరతరాలుగా తోబుట్టువులనే జత కట్టిస్తూ, జన్యువులు దాదాపు ఒకటైన వంశాలలో కూడ తెల్లమచ్చలు ఒక్కొక్క పిల్లకు ఒక్కొక్క తీరున వస్తవని సూయల్ రైట్ 1920లో చూపినాడు. పిండం పెరిగేటప్పటి యాదృచ్ఛికత వాటిని నిర్ణయిస్తుంది. మచ్చల పోలికతో తండ్రిని పట్టబోవటం వృథా.

ఈ విద్యకూ బొగ్గుగనులకూ ఒక చిత్రమైన బాంధవ్యం ఉన్నది. గని పేలుళ్లలో చనిపోయేవారిలో ఎక్కువమందిని చంపేది దెబ్బలు కాదు, కార్బన్ మోనాక్సైడ్ అని 1896లో తేల్చిన జాన్ స్కాట్ హాల్డేన్, ఆ విషవాయువు చిన్న ప్రాణులను ముందుగా పడవేస్తుంది గనుక ఎలుకనో పిట్టనో గనిలోనికి వెంట తీసుకొనిపోవలెనని సూచించినాడు. ఆక్స్‌ఫర్డులోని ఆయన ఇంటి పచ్చికమీద కుమారుడు జె. బి. ఎస్. హాల్డేన్, కుమార్తె నయోమీ వందలకొలది గినీ పందులను పెంచి, మెండెల్ సూత్రాలను వాటిపై పరీక్షించినారు. ఆ కుమారుడే తరువాత గొప్ప జన్యుశాస్త్రజ్ఞుడై, 1957లో భారతదేశానికి వచ్చి, 1964లో భువనేశ్వరంలో మరణించినాడు. ఆయన దేహాన్ని కోరిక ప్రకారం కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకు అప్పగించినారు.

రంగుల లెక్క వినోదం కొరకే కాదు. తెల్ల వెంట్రుకలు రంగు వెంట్రుకలతో కలగలసిన ‘రోన్’ రకం, తెలుపుమీద చుక్కలు గల ‘డాల్మేషియన్’ రకం చూడ ముచ్చటగా ఉంటవి. వాటి జన్యువు ఒకటి ఉంటే అందం. రెండు కలిస్తే పిల్ల తెల్లగా, కళ్లు అతి చిన్నవై గ్రుడ్డిగా, పళ్లు వంకరగా పుడుతుంది, చాలవరకు బ్రతకదు. అటువంటి రెండింటిని జత చేస్తే ఈ అవకాశం కూడ నాలుగింట ఒకటే.

తల్లికి ఉన్న ప్రమాదం ఇంకా పెద్దది. ఈనేటప్పుడు కటి ముందుభాగంలోని ఎముకల అతుకు విడి, దారి ఇవ్వవలె. ఆరేడు నెలల వయస్సు దాటేవరకు ఒక్క ఈత కూడ లేని గినీ పందిలో ఆ అతుకు బిగిసి, తొలి ఈత కష్టమై, శస్త్రచికిత్స లేకుంటే తల్లీ పిల్లలూ చనిపోవచ్చును. ఏడాది నిండిన ‘ఆడజత’లో ఒకటి మగదని ఆలస్యంగా బయటపడటం అందుకే నవ్వులాట కాదు. అటువంటి ఆడదాని కడుపు పెరుగుతున్నదనిపిస్తే ఈనేదాక ఆగక పశువైద్యునికి చూపవలె. రామగుండం ప్రాంతంలో వేసవి ఎండ 45 డిగ్రీలు దాటే రోజులుంటవి. 30 డిగ్రీలకే వడదెబ్బ తినగల ఈ జంతువుకు, అందులో చూడిదానికి, నీడ, గాలి, చల్లని నీరు ప్రాణాధారాలు. మనిషివలెనే ఇది కూడ విటమిన్ సి ని తన ఒంటిలో తయారు చేసుకోలేదు. చూలుతో ఉన్నప్పుడు అది మరింత కావలె. జామకాయ ముక్క, కొత్తిమీర, కాప్సికం పనికివస్తవి.

ఈనిన కొద్ది గంటలలోనే ఆడది మళ్లీ చూలు కట్టగలదు. ఎర్రపిల్ల కనబడిన ఉదయమే ఆ నల్లని తోడుదానిని వెల్లకిల త్రిప్పి చూసి, మగదైతే వేరే బోనులోనికి మార్చవలె. మగపిల్లలను మూడు వారాలకే తల్లినుండి, అక్కచెల్లెళ్లనుండి విడదీయవలె. ఆలస్యమైతే 59 రోజులు నిండినప్పటినుండి రెండవ ఈతకు ఎదురు చూడవలసి ఉంటుంది.