హైదరాబాదు ఫుట్‌బాలు జట్టు: 2021-22 లీగు విజయము

ఫుట్‌బాలు పోటీలు ముఖ్యముగా రెండు విధములు. ఒకటి కప్పు పోటీ, రెండవది లీగు పోటీ. కప్పు పోటీలో ఓడిన జట్టు ఆనాడే ఇంటిదారి పట్టవలెను. లీగు పోటీలో అట్లు కాదు. అందు ప్రతి జట్టును మిగిలిన జట్లన్నింటితోను ఆడవలెను. గెలిచినచో మూడు పాయింట్లు, ఆట సరిసమానమైనచో ఒక పాయింటు, ఓడినచో ఏమియు లేదు. నెలల తరబడి సాగిన ఆటల పిమ్మట ఆ పాయింట్ల మొత్తమే జట్టు స్థానమును నిర్ణయించును. కనుక కప్పు పోటీ ఒకనాటి ఉత్సాహమునకు పరీక్షయైన, లీగు పోటీ నిలుకడకు పరీక్ష.

భారతదేశమున జాతీయ ఫుట్‌బాలు లీగు 1996లో ఆరంభమైనది. 2007లో దాని స్థానమున ఐ-లీగు వచ్చినది. 2014లో వేరుగా పుట్టిన ఇండియన్ సూపర్ లీగు కొన్ని ఏండ్లలోనే అగ్రశ్రేణిని అందుకొనినది. ఈ సూపర్ లీగులో తెలుగునాటి నగరము పేర ఆడిన జట్టు ఒక్కటే. అది 2019లో ఏర్పడిన హైదరాబాద్ ఎఫ్.సి. అది విజేతగా నిలిచిన సంవత్సరమును ఒక్కటే, అది 2021-22.

తిరువళ్ళూరు, తిరుత్తణి ప్రాంతముల తెలుగువారికి ఈ విషయము ఒక ప్రత్యేకమైన ఆసక్తిని కలిగింపగలదు. వీరికి సమీపమున నున్న మహానగరము చెన్నై. ఆ నగరపు జట్టైన చెన్నైయిన్ ఎఫ్.సి. 2015లోను, 2017-18లోను ఇదే లీగున విజేతయైనది. ఇంటిభాష మాటాడు సీమకు హైదరాబాదు జట్టు ప్రతినిధి. ఈ రెండును ఒకే మైదానమున తలపడినపుడు ఏది మన జట్టు అను ప్రశ్న సహజముగా పుట్టును. ఒక జట్టు ఒక ప్రజకు చెందినదని చెప్పుటకు ఆధారమేమి? 2021-22 పోటీల చరిత్రను పరిశీలించినచో దీనికి కొంత సమాధానము లభించును.

లీగు నడచిన తీరు

ఆ సంవత్సరము 11 జట్లు పాల్గొనినవి. ప్రతి జట్టును తక్కిన పదింటితోను రెండేసి మారులు, అనగా 20 ఆటలు ఆడవలెను. మొదటి నాలుగు స్థానములు పొందిన జట్లు సెమీఫైనలు ఆటలకు అర్హములు. పాయింట్లలో ప్రథమ స్థానము పొందిన జట్టుకు లీగు షీల్డును, ఫైనలులో గెలిచిన జట్టుకు విజేత కప్పును ఇత్తురు. కనుక షీల్డు ఒకరికి, కప్పు వేరొకరికి దక్కుటయు కలదు. ఆ ఏట అట్లే జరిగినది.

కరోనా వ్యాధి కారణముగా ఆటలన్నియు గోవాలోనే జరిపిరి. క్రీడాకారులు బయటివారితో సంపర్కము లేక నియమిత స్థలములందే నివసించిరి. లీగు ఆటలు ప్రేక్షకులు లేని మైదానములలో జరిగినవి. జనవరి మాసమున జట్ల శిబిరములందు వ్యాధి పొడచూపుటచే కొన్ని ఆటలు వాయిదా పడినవి.

హైదరాబాదు తన మొదటి ఆటను 2021 నవంబరు 23న ఆడినది. ఎదురు నిలిచినది చెన్నై జట్టే. చెన్నై ఒక పెనాల్టీ గోలుతో 1-0గా గెలిచినది. తరువాత జనవరిలో ఆ రెండు జట్లకును జరిగిన ఆట 1-1గా ముగిసినది. అనగా ఆ ఏటి విజేత చెన్నైని ఒక్కమారైనను ఓడింపలేదు. ఆరు పాయింట్లకు ఒక్కటి మాత్రమే రాబట్టుకొనినది. అయినను లీగు ముగియునప్పటికి చెన్నై ఎనిమిదవ స్థానమున నుండగా హైదరాబాదు రెండవ స్థానమున నిలిచినది. ఒక్క ప్రత్యర్థితో ఎట్లాడితిమన్నది గాక పదిమందితో ఎట్లాడితిమన్నదే లీగులో లెక్క.

ఆ లెక్క ఇట్లున్నది. 20 ఆటలలో 11 గెలుపులు, 5 సమానములు, 4 ఓటములు. మొత్తము 38 పాయింట్లు. వేసిన గోలులు 43, ఇచ్చినవి 23. గోలులు వేయుటలో మరి ఏ జట్టును దీనిని మించలేదు. నైజీరియాకు చెందిన బార్తొలొమ్యూ ఓగ్బెచే ఆ ఏట మొత్తము 18 గోలులు వేసి, అత్యధిక గోలులు చేసిన ఆటగానికిచ్చు బంగారు బూటును పొందెను. 43 పాయింట్లతో జంషెడ్‌పూరు జట్టు షీల్డును గెలుచుకొనినది.

ఫైనలు ఆట

సెమీఫైనలులో ఏ.టి.కె. మోహన్ బగాను జట్టును హైదరాబాదు మొదటి ఆటలో 3-1గా ఓడించి, రెండవ ఆటలో 0-1గా ఓడి, మొత్తముమీద 3-2గా నెగ్గినది. రెండవ సెమీఫైనలులో కేరళ బ్లాస్టర్స్ జట్టు జంషెడ్‌పూరును నిలువరించినది.

2022 మార్చి 20న మడగాము సమీపమునందలి ఫతోర్డా మైదానమున ఫైనలు జరిగినది. ఆనాడు ప్రేక్షకులను అనుమతించిరి. 68వ నిమిషమున కేరళ ఆటగాడు కె.పి. రాహుల్ గోలు వేసెను. ఆట ముగియుటకు రెండు నిమిషములే మిగిలియుండగా 88వ నిమిషమున సాహిల్ తవోరా దూరమునుండి తన్నిన బంతి వలలో పడినది. అదనపు సమయమునను 1-1 మారలేదు. అంతట పెనాల్టీ తన్నులవలన ఫలితము తేల్చవలసివచ్చెను. గోల్‌కీపరు లక్ష్మీకాంత్ కట్టిమణి ముగ్గురు కేరళ ఆటగాండ్ర తన్నులను అడ్డుకొనగా హైదరాబాదు 3-1గా గెలిచినది.

జయమునకు కారణములు

ఈ విజయము ఆకస్మికము కాదు. 2019-20లో, తన మొదటి సంవత్సరమున, ఈ జట్టు 18 ఆటలలో రెండు మాత్రమే గెలిచి 10 పాయింట్లతో చివరి స్థానమున నిలిచినది. 2020లో స్పెయిను దేశీయుడు మానొలో మార్కెజ్ శిక్షకుడై వచ్చెను. ఆయన ఆకాశ్ మిశ్రా, ఆశిష్ రాయ్ వంటి యువకులకు ఎడతెగక అవకాశములిచ్చెను. 2020-21లో జట్టు 29 పాయింట్లతో ఐదవ స్థానమునకు ఎక్కినది.

ఆ రెండు సంవత్సరముల లెక్కలను పోల్చిచూచిన ఒక విశేషము గోచరించును. 2020-21లో హైదరాబాదు ఓడినది మూడు ఆటలు మాత్రమే. విజేతయైన ఏట నాలుగు. అనగా ఓటములు తగ్గలేదు, ఒకటి పెరిగినది. మారినది వేరొకటి. మొదటి ఏట 11 ఆటలు సమానముగా ముగియగా, గెలిచినవి 6. మరుసటి ఏట సమానములు 5కు తగ్గి, గెలుపులు 11కు పెరిగినవి. ఒక గెలుపు మూడు సమానములకు సాటియైన లీగులో ఓటమిని తప్పించుకొనుట మాత్రమే చాలదు. అంచువరకు వచ్చిన ఆటను గెలుపుగా మలచుకొనవలెను. ఓగ్బెచే రాకతో జట్టుకు ఆ శక్తి చేకూరినది.

నాటి హైదరాబాదు, నేటి హైదరాబాదు

ఇచ్చట మరియొక సంగతి గమనింపదగినది. తెలుగునాటి పేర వచ్చిన ఈ కప్పు తెలుగునాట ఒక్క ఆటయైనను ఆడకయే వచ్చినది. సమము చేసిన తవోరా గోవావాడు. పెనాల్టీలను ఆపిన కట్టిమణియు గోవావాడే. ఇందు తప్పేమియు లేదు. వృత్తిక్రీడలో ఆటగాడు పిలిచిన చోటికి పోవును. కాని ఈ స్థితిని పూర్వపు హైదరాబాదుతో పోల్చిచూడవలెను.

1950 మొదలు 1954 వరకు వరుసగా ఐదేండ్లు బొంబాయి రోవర్స్ కప్పును గెలిచినది హైదరాబాదు పోలీసు జట్టు. దానిని తీర్చిదిద్దిన సయ్యద్ అబ్దుల్ రహీం అధ్యాపకుడు. ఆయన శిక్షణలో భారతజట్టు 1951, 1962 ఆసియా క్రీడలందు స్వర్ణపతకములు పొందినది. 1956 మెల్బోర్న్ ఒలింపిక్సునందు నాలుగవ స్థానము పొందినది. ఆ జట్లలో హైదరాబాదు, సికిందరాబాదుల వీధులలో ఆట నేర్చినవారు పలువురు. వారిలో తులసీదాస్ బలరాం ఒకడు. ఆయన 1936లో సికిందరాబాదు చెంత తమిళ కుటుంబమున జన్మించి, హైదరాబాదు జట్టుకు ఆడి, రెండు ఒలింపిక్సులలో దేశమునకు ప్రాతినిధ్యము వహించెను. తెలుగునాట పెరిగిన ఆ తమిళ బాలుని హైదరాబాదు తనవానిగానే ఎంచినది. తమిళనాట పెరుగుచున్న తెలుగు బిడ్డలున్న కుటుంబములకు ఇది తెలియదగిన చరిత్ర. జట్టును ప్రజతో ముడివేయునది మాతృభాష ఒక్కటియే కాదు. పెరిగిన నేల, నేర్పిన గురువు, ఆడుకొనిన మైదానము.

తరువాతి కథ

2022-23లో జట్టు గచ్చిబౌలి మైదానమునకు తిరిగివచ్చి, 42 పాయింట్లతో మరల రెండవ స్థానము పొందినది. ఆ పిమ్మట మార్కెజ్ వెడలిపోయెను. 2023-24లో ఆర్థికమైన చిక్కులు ముసురుకొన, ముఖ్యులైన ఆటగాండ్రు విడిపోయిరి. 22 ఆటలలో ఒక్కటి మాత్రమే గెలిచి జట్టు అట్టడుగున మిగిలినది. 2024లో యాజమాన్యము మారినది. 2025లో జట్టు ఢిల్లీకి తరలి పేరును మార్చుకొనినది. విజేతయైన నాలుగవ ఏటికి ఆ లీగున తెలుగు నగరము పేరే లేకపోయెను.

తిరుత్తణి తాలూకా 1953లో చిత్తూరు జిల్లాతో పాటు ఆంధ్ర రాష్ట్రమున చేరినది. 1960 ఏప్రిల్ 1న మద్రాసు రాష్ట్రమునకు మారినది. రెండుమారులు రాష్ట్రము మారినను అచ్చటి ఇండ్లలో తెలుగు మారలేదు, ఏలన దాని వేరులు ఇండ్లలోనే యున్నవి. హైదరాబాదు జట్టు విషయమున సరిహద్దు కదలలేదు; జట్టే కదలిపోయినది. పేరు నగరముదైనను వేరు నగరమున దిగుటకు వ్యవధి చాలలేదు.

కప్పు గెలుచుటకు మంచి శిక్షకుడును, మంచి గోలు వీరుడును, రెండు మూడేండ్ల ఓర్పును చాలునని 2021-22 నిరూపించినది. గెలిచిన జట్టు నిలుచుటకు ఇవి చాలవని తరువాతి ఏండ్లు నిరూపించినవి. అందులకు పాఠశాల మైదానములు కావలెను. రహీం వంటి అధ్యాపకులు కావలెను. తమ వీధి పిల్లవాడు ఆడుచున్నాడని చూడవచ్చు జనము కావలెను. ఈ మూడును ఉన్నచోట, అది హైదరాబాదైనను తిరుత్తణియైనను, జట్టు ఆ ఊరిదగును.